పంతులుగారి పైన ఎవరు?

1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. తన జిల్లాలో ఎన్ని బడులున్నాయి, వాటిలో చదువు ఎలా నడుస్తోంది అన్నది దాని విషయం. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. మొత్తం 533 బడులు తేలాయి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా. మూడోవాడికి బెత్తంతో తగిలీ తగలనట్టు ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాళ్లకు వరసగా ఒక్కొక్కటి ఎక్కువ.

పిల్లల హాజరుకు ఇంత పద్ధతి ఉంది. పంతులుగారి హాజరు చూసేవాళ్లు మాత్రం లేరు. వీధి బడిలో ఆయనకు పైన హెడ్మాస్టరు లేడు, ఇన్‌స్పెక్టరు లేడు, మెమో లేదు, సంజాయిషీ లేదు. ఏ పద్యం ఎప్పుడు చెప్పాలో, ఏ ఎక్కం ఎవరిచేత వల్లె వేయించాలో ఆయన ఇష్టం. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు, ఆయన అందరినీ చూసుకునేవారు. పైవాళ్లంటూ ఉంటే పిల్లల తండ్రులే. వాళ్లకు మనసు తప్పితే పంతులుకిచ్చే గింజలు ఆగుతాయి, బడి మరో అరుగుకు మారుతుంది.

ఆ స్వేచ్ఛను తలుచుకుని మురిసిపోవడానికి లేదు. ఆ అరుగు ఎక్కే హక్కు అన్ని కులాలకూ లేదు, ఆడపిల్లలు దాదాపు కనిపించరు. పంతులుగారి కడుపు కూడా నిండేది కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల లెక్కలన్నీ తెప్పించి 1826 మార్చిలో రాసిన మినిట్‌లో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మీద 12,498 బడులున్నాయని చెబుతూ, బడిపంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదనీ, ఆ రాబడికి చదువుకున్నవాళ్లు ఈ వృత్తిలోకి రారనీ తేల్చాడు. కలెక్టరేటు బడుల్లో పంతులుకు 15 రూపాయలు, తాసీల్దారీ బడుల్లో 9 రూపాయలు జీతం ఇద్దామన్నది ఆయన ప్రతిపాదన. మరుసటి ఏడాదే పత్తికొండలో కలరాతో ఆయన పోయాడు. ప్రతిపాదన కూడా నీరుగారింది. కానీ పంతులుకు నెల జీతం ఉండాలన్న ఆలోచన నిలిచిపోయింది. జీతం ఇచ్చేవాడు వచ్చాక, లెక్క అడిగేవాడూ వస్తాడు.

ఆ అడిగేవాడు 1854 తర్వాత వచ్చాడు. చార్లెస్ ఉడ్ పంపిన తాఖీదు ప్రకారం విద్యాశాఖ ఏర్పడింది, దానికి డైరెక్టరు, కింద ఇన్‌స్పెక్టర్లు, డిప్యూటీలు, బడిలో హెడ్మాస్టరు, ఆయన కింద అసిస్టెంట్లు. ప్రైవేటు బడులకు గ్రాంటు. ఒక్క తరంలో, తన అరుగు మీద తానే పెద్దగా ఉన్న పంతులు కాస్తా ఒక నిచ్చెన అడుగు మెట్టు మీద నిలబడ్డాడు.

గ్రాంటు ఇచ్చే పద్ధతి మద్రాసు రాజధానిలో మరీ కఠినంగా ఉండేది. ఇంగ్లండులో రాబర్ట్ లో 1862లో తెచ్చిన నియమావళిని చూసి ఇక్కడ కూడా ఫలితాన్ని బట్టి గ్రాంటు అన్న నిబంధన పెట్టారు. ఏడాదికోసారి పరీక్షాధికారి వస్తాడు. ఒక్కొక్క పిల్లవాణ్ణీ నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే అంత డబ్బు. ఆ రోజు పిల్లవాడికి జ్వరం వచ్చినా, పొలం పనికి పోయినా, కొత్తమనిషిని చూసి నోరు పెగలకపోయినా నష్టం పంతులుదే. దాంతో హెడ్మాస్టరు పని పాసైన తలలు లెక్కపెట్టడమైంది, కింది పంతులు పని ఆ తలలను తయారు చేయడమైంది. పరీక్షలో అడగనిది బడిలో చెప్పడం దండగ అన్న అలవాటు అప్పుడే పుట్టింది. 1904లో కర్జన్ ప్రభుత్వం తన విద్యా తీర్మానంలో ఈ పద్ధతిని వదిలేయమన్నది. నిబంధన పోయింది. అలవాటు పోలేదు.

అదే కాలంలో, అదే శాఖ నీడలో, తెలుగుదేశంలో అద్భుతమైన పనులు చేసిన బడిపంతుళ్లున్నారు. కందుకూరి వీరేశలింగం కోరంగిలో, తర్వాత ధవళేశ్వరంలో హెడ్మాస్టరుగా పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. తర్వాత రాజమండ్రి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులయ్యారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన సర్కారు జీతం తీసుకుంటున్న ఉద్యోగి. ఊరు ఊరంతా ఎదురు తిరిగినా ఆయన ఉద్యోగం నిలిచింది. పైవాళ్లు ఉద్యమంలో చేయి కలపలేదు కానీ, పంతులు చేయి పట్టుకుని వెనక్కి లాగకపోవడం కూడా ఆ రోజుల్లో చిన్న సాయం కాదు.

విజయనగరం కథ ఇంకా ముచ్చటైనది. అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి, తండ్రిని పోగొట్టుకున్న ఒక విద్యార్థికి తన ఇంట్లో చోటిచ్చి అన్నం పెట్టారు. ఆ విద్యార్థి గురజాడ అప్పారావు. తర్వాత అదే విద్యాసంస్థలో ఉపాధ్యాయుడయ్యారు. గురజాడ సహాధ్యాయి గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చేరి, చరిత్ర పాఠాలు చెబుతూనే కొండ దిగి వచ్చే సవరల మాట నేర్చుకున్నారు, వాళ్లకోసం బడులు నడిపారు, ఆ భాషకు పాఠ్యపుస్తకాలు రాశారు. సవర భాష టైంటేబుల్లో లేదు. అది నేర్చుకున్నందుకు ఇంక్రిమెంటూ లేదు. ఒక హైస్కూలు టీచరు ఏళ్ల తరబడి తన ఖర్చుతో, తన సాయంత్రాలతో అంత పని చేయగలిగాడంటే ఆయన పట్టుదలే మొదటి కారణం. జమీందారీ బడిలో పగటి పాఠం చెప్పాక మిగిలిన వేళ తనదిగా ఉండడం రెండో కారణం.

1906లో ఉత్తర సర్కారులకు జె.ఎ. యేట్స్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయనకు తెలుగు బడుల్లో ఒక సంగతి వింతగా తోచింది. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి. ఎందుకిలా అని ఆయన అడిగాడు. ఎవరినడిగాడన్నదే ఇక్కడ ముఖ్యం. పైకి రిపోర్టు రాసి ఊరుకోలేదు, పాఠం చెప్పే అనుభవం ఉన్నవాళ్లనే అడిగాడు. గిడుగును అడిగాడు, గురజాడను అడిగాడు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. అప్పటిదాకా గిడుగు మనసు సవర భాష మీద ఉంది. ఆ ప్రశ్నతో ఆయన చూపు తెలుగు మీదికి మళ్లింది. మరుసటి ఏడాది అయ్యంగారు తెలుగు బోధన సంస్కరణ కోసం ఒక సంఘం పెట్టారు. వ్యావహారిక భాషోద్యమంగా మనకు తెలిసిన మహా వివాదం అలా మొదలైంది. ఈనాడు తెలుగు పత్రికలు, పాఠ్యపుస్తకాలు జనం మాట్లాడే భాషలో ఉన్నాయంటే దాని మొదట్లో ఒక ఇన్‌స్పెక్టరు తన కింది పంతుళ్ల అభిప్రాయం అడగడం ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి తప్పులు రాసుకుని పోవడం ఆనవాయితీ. యేట్స్ ప్రశ్న వదిలి వెళ్లాడు.

రాజమండ్రికి వస్తే ఒకే కాలేజీలో, పన్నెండేళ్ల వ్యవధిలో ఇద్దరు ప్రిన్సిపాళ్లు కనిపిస్తారు. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించాడు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ తీసేయమన్నాడు. వాళ్లు తీయలేదు. అప్పుడు ట్రెయినింగ్ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి వెళ్లగొట్టారు, సర్కారు కొలువుకు పనికిరాడని ముద్ర వేశారు. ఆయన బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపి, 1908లో రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లారు. ఒక మంచి ఉపాధ్యాయుణ్ణి బడి పోగొట్టుకుంది. ఉద్యమానికి ఒక నాయకుడు దొరికాడు కాబట్టి మనం దాన్ని నష్టంగా చెప్పుకోం. కానీ ఆ సంగతి తెలిశాక, ఆ కాలేజీలో శిక్షణ పూర్తి చేసుకుని ఊళ్లకు వెళ్లిన మిగతా పంతుళ్లు తలవంచుకుని పాఠం చెప్పడమే క్షేమమని అనుకుని ఉంటే తప్పు పట్టలేం.

1909లో అక్కడికే ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలుగా వచ్చాడు. ఆయన బొమ్మలు గీసేవాడు, కథలు రాసేవాడు. కాలేజీ పిల్లల్లో ఎవరి చేతిలో రంగు ఉందో, ఎవరి గొంతులో పాట ఉందో వెతికేవాడు. దామెర్ల రామారావు బొంబాయి వెళ్లి చిత్రకళ నేర్చుకోవడానికి దారి చూపించినవాడు ఆయనే. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆ నీడలో ఎదిగినవాళ్లే. 1919లో ఆయన వెళ్లిపోయాడు. బాపిరాజు తర్వాత బందరు జాతీయ కళాశాలకు తానే ప్రిన్సిపాలయ్యారు. పెద్దాయన గదిలో భయం లేకుండా కూర్చున్న అనుభవం ఉన్న మనిషి, తన గదికి వచ్చినవాళ్లను నిలబెట్టి మాట్లాడడు.

కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 దాకా పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలు. అంతకుముందు సికిందరాబాదు మహబూబ్ కాలేజీలోనూ అదే పదవి. ఆయన క్రమశిక్షణ గట్టిది. బ్రహ్మసమాజ నిష్ఠ, నీతి విషయంలో రాజీ లేకపోవడం ఆయన గుణాలు. హంటరూ గట్టివాడే, నాయుడుగారూ గట్టివారే. ఒకరి గట్టితనం పిల్లలను బయటికి నెట్టింది, మరొకరిది అప్పటిదాకా బయటే ఉన్న ఆడపిల్లలను, అంటరానివారన్న పేరుతో దూరం పెట్టిన పిల్లలను లోపలికి తెచ్చింది. వెనక పిఠాపురం రాజా అండ ఉంది. యాజమాన్యం ప్రిన్సిపాలు మాటకు విలువిస్తే, ప్రిన్సిపాలు కిందివాళ్ల మాటకు విలువివ్వగలడు. ఈ వరస తెగిన చోట ఏ శైలీ పనిచేయదు.

ఆ వరస తెగడమే తర్వాతి చరిత్ర. 1884 చట్టంతో వచ్చిన లోకల్ బోర్డులు, 1920 తర్వాత ఎన్నికైన అధ్యక్షుల చేతికి వెళ్లాయి. డిస్ట్రిక్ట్ బోర్డు హైస్కూలు హెడ్మాస్టరుకు పేరు పెద్దది. టీచరును వేసేదీ, బదిలీ చేసేదీ మాత్రం బోర్డు అధ్యక్షుడు. ఎయిడెడ్ బడిలో అయితే మేనేజరు. జీతంలో ఒక అంకెకు సంతకం పెట్టించుకుని మరో అంకె చేతిలో పెట్టడం ఎయిడెడ్ టీచర్లు తరాల తరబడి చెప్పుకున్న బాధ. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభమైంది. ఎలిమెంటరీ బడులు సమితులకు, హైస్కూళ్లు జిల్లా పరిషత్తులకు చేరాయి. సమితి అధ్యక్షుడి దయ ఉంటే సొంతూరు, కోపం వస్తే బస్సు వెళ్లని ఊరు. ఎన్నికల్లో ఎవరి వైపు నిలబడ్డాడన్నది పంతులు పాఠం కంటే పెద్ద విషయమైంది. హెడ్మాస్టరు ఎంత మంచివాడైనా ఆ బదిలీ ఆపలేడు.

ఉపాధ్యాయ సంఘాలు బలపడింది ఈ ఉక్కపోతలోనే. 1974లో ఐక్య ఉపాధ్యాయ ఫెడరేషన్ పుట్టింది. అంతకుముందే ఉన్న సంఘాలతో కలిసీ, పోటీపడీ అది జీతాలు, బదిలీలు, గౌరవం అన్న మూడింటి మీద పోరాడింది. శాసనమండలిలో ఉపాధ్యాయ నియోజకవర్గాలు వాళ్ల గొంతుకు వేదికయ్యాయి. 1985లో మండలి రద్దైనప్పుడు అన్నిటికంటే ఎక్కువ బాధపడిన వర్గాల్లో టీచర్లది ఒకటి. 2007లో అది తిరిగి వచ్చింది. బదిలీలకు కౌన్సెలింగ్ పద్ధతి వచ్చాక, ఖాళీల జాబితా గోడ మీద కనిపిస్తుంది, పాయింట్ల వరసలో పిలుస్తారు, టీచరు తానే ఊరు కోరుకుంటాడు. నాయకుడి ఇంటి ముందు పడిగాపులు చాలావరకు తగ్గాయి. ఈ ఒక్క మార్పు టీచరు మనశ్శాంతికి చేసిన మేలు ఏ జీతాల పెంపూ చేయలేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

పెద్ద బాధ తీరితే రోజువారీ బాధ కనబడుతుంది. అది హెడ్మాస్టరు బల్ల మీద ఉంటుంది. హాజరు రిజిస్టరు, పక్కన ఎర్ర సిరా పెన్ను. ఆలస్యంగా వస్తే గడిలో ఎర్రగీత, మూడు ఆలస్యాలకు ఒక క్యాజువల్ లీవు కోత. నిబంధన రాష్ట్రమంతటికీ ఒకటే. అమలు మాత్రం ఏ రెండు బడుల్లోనూ ఒకటి కాదు. ఒక హెడ్మాస్టరు వాన పడిన రోజు గీత పెట్టి, రిజిస్టరు తన సొరుగులో పెట్టి తాళం వేస్తాడు. ఇంకొకరు బస్సు ఆలస్యమైందని ఫోన్ చేసిన టీచరు తరగతికి తానే వెళ్లి కూర్చుంటారు. రెండో కాగితం పిరియడ్ల సర్దుబాటు చీటీ. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల పిరియడు ఎవరికి వెయ్యాలన్నది హెడ్మాస్టరు ఇష్టం. ఒకే టీచరు లీజరు పిరియడు వారంలో మూడుసార్లు పోయి, హెడ్మాస్టరుకు దగ్గరైన మరొకరి లీజరు ఎప్పుడూ చెక్కుచెదరకుండా ఉంటే, ఆ స్టాఫ్‌రూమ్‌లో ఇక మాటలు రెండు గుంపులవుతాయి. సర్వీసు రిజిస్టరులో ఇంక్రిమెంటు ఎక్కించడం, సరెండరు లీవు బిల్లు మీద సంతకం, ఇవన్నీ హక్కులే. అడిగించుకుని ఇచ్చే చేతిలో అవి దయాదాక్షిణ్యాలవుతాయి.

ఈ స్టాఫ్‌రూమ్ వాతావరణాన్ని కొలవవచ్చునని 1960ల మొదట్లో అమెరికాలో హాల్పిన్, క్రాఫ్ట్ అనే ఇద్దరు చూపించారు. 71 ఎలిమెంటరీ బడుల టీచర్లను అడిగి, వాతావరణాన్ని తెరుచుకున్నది మొదలు మూసుకున్నది దాకా ఆరు రకాలుగా విడదీశారు. తాను కష్టపడుతూ దారి చూపే ప్రిన్సిపాలు ఒక లక్షణం, టీచరు మంచిచెడ్డలు కనుక్కోవడం మరొకటి, దూరంగా ఉండి నిబంధనలతో నడపడం ఇంకొకటి, వెంటపడి పని చేయించడం నాలుగోది. మన దేశంలో మోతీలాల్ శర్మ ఇదే పద్ధతిలో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఎం.ఎడ్. పరిశోధనల్లో ఇలాంటి కొలతలు ఇప్పుడు మామూలే. స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ చెప్పుకునే మాటలకు అంకెలు తొడిగితే ఈ పట్టికలు వస్తాయి. అంకెలు లేకపోతే నమ్మని పై అధికారులకు అవి అవసరమే.

ఫలితానికి డబ్బు అన్న పాత ఆలోచన కూడా తెలుగునేల మీదికి తిరిగి వచ్చింది. 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనసు. జీతంలో పైసా కోత లేదు, పెరుగుదల ఎంతైతే అంత అదనం. రెండేళ్ల తర్వాత బోనసు ఉన్న బడుల్లో పిల్లల లెక్కలు, భాష రెండూ మెరుగయ్యాయి. టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చినవాళ్లు ఎక్కువ పనిచేశారు, బడి వేళ దాటాక పాఠాలు చెప్పారు, అభ్యాస పరీక్షలు పెట్టారు. టీచర్లలో ఎక్కువమంది ఆ పద్ధతిని ఇష్టపడ్డారు కూడా. విక్టోరియా కాలపు పంతులుకు అదే డబ్బు భయమైంది, ఈ పంతులుకు ప్రోత్సాహమైంది. తేడా ఎక్కడుందంటే, అప్పుడు తిండి పందెంగా పెట్టారు, ఇప్పుడు తిండికి హామీ ఇచ్చి పైన కానుక పెట్టారు.

ఆ తేడాను తర్వాతి ప్రభుత్వాలు పట్టించుకున్నట్టు లేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు సొంత ఫోన్లో యాప్ వేసుకుని ముఖం చూపించి హాజరు వేయాలన్నారు. సంఘాలన్నీ ఎదురు తిరిగాయి. వేళకు రమ్మంటే తప్పేముందని బయటివాళ్లకు అనిపించవచ్చు. సిగ్నల్ లేని ఏజెన్సీ ఊళ్లో ఫోన్ పైకెత్తి తిరిగే టీచరుకు, బడిలో తన పక్కనే ఉన్న హెడ్మాస్టరు కళ్లను కూడా ప్రభుత్వం నమ్మడం లేదని అర్థమవుతుంది. హెడ్మాస్టరుకూ అదే అర్థమవుతుంది. ఎర్ర సిరా పెన్నును దయతో వాడే మనిషి చేతిలోంచి ఆ పెన్ను కూడా లాగేశారు.

ప్రైవేటు బడుల సంగతి ఇంకా దయనీయం. అక్కడ ప్రిన్సిపాలు కూడా నెల జీతగాడే, యాజమాన్యం అడ్మిషన్ల అంకె అడుగుతుంది, ఆయన టీచర్లను వీధుల్లో ఇంటింటికీ పంపుతాడు. 2020లో కరోనాతో బడులు మూతపడగానే వేలమందికి జీతం ఆగిపోయింది. కూరగాయలు అమ్మినవాళ్లున్నారు, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లున్నారు. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇచ్చింది. మన్రో కాలం నాటి అరుగు పంతులు కష్టానికి ఇంత దగ్గరగా ఒక పట్టభద్రుడు నిలబడతాడని ఎవరూ అనుకోలేదు.

సర్కారు బడుల్లో మాత్రం పోయిన పదేళ్లలో వేరే రకం కొరత వచ్చింది. తెలంగాణలో 2015 తర్వాత టీచర్ల పదోన్నతులు కోర్టు కేసుల్లో చిక్కుకుని 2023 దాకా ఆగిపోయాయి. రిటైరైన హెడ్మాస్టర్ల కుర్చీలు ఖాళీగా మిగిలాయి. సీనియర్ స్కూల్ అసిస్టెంటును ఇన్‌ఛార్జి అన్నారు. ఆయన తోటివాళ్లతో సమానమైన హోదాలోనే ఉంటూ వాళ్ల లీవు మీద సంతకం పెట్టాలి, గట్టిగా అడిగితే నువ్వెవరంటారు, మెత్తగా ఉంటే పై ఆఫీసు తిడుతుంది. మండల విద్యాధికారి కుర్చీలోనూ చాలాచోట్ల ఇన్‌ఛార్జే, అంటే ఒక బడి హెడ్మాస్టరే మండలం మొత్తం చూసుకోవాలి. పదో తరగతి లెక్కల పాఠం, మధ్యాహ్న భోజనం లెక్కలు, యూనిఫాం కొలతలు, వాట్సాప్‌లో సాయంత్రంలోగా పంపాల్సిన వివరాలు, అన్నీ ఒక్క మనిషి మీద పడ్డాయి. కొత్తగా చేరిన టీచరు పాఠం వెనక బెంచీలో కూర్చుని విని, బాగుందనో, ఇలా చెప్పి చూడమనో అనడానికి ఆయనకు ఒక్క పిరియడు కూడా మిగల్లేదు.